మెట్ల కింద దూది

మెట్ల పక్క గోడ వేడిగా ఉందని చిన్నకోడలు కనిపెట్టిన చోట పోయిన వారం ఆగాం. ఆ గోడకు ఎండ తగలదు, దాని వెనక పొయ్యీ లేదు. అయినా జ్వరం వచ్చిన పిల్ల నుదురులా కాలుతోంది. కరెంటాయన వచ్చి అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసి, ఊదుకున్నాడు. "ఈ వైరు కింది నుంచి వస్తోందమ్మా. బోర్డు కిందే ఉంది. ముందు అక్కడ ఆపించండి, ఆ తర్వాతే నేను పనిముట్టు పట్టుకుంటాను" అన్నాడు.

కింద అంటే బావగారి వాటా. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు కింది భాగం పెద్దవాడికీ పై భాగం చిన్నవాడికీ వచ్చాయి. మాటలు మాత్రం ఎవరి వాటాకీ రాలేదు. కింది గడప తొక్కితే మళ్ళీ పైకి రానక్కర్లేదని చిన్నకోడలి భర్త ఒకసారి అన్నాడు. కోపంలో అన్నా, దాన్ని ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు. ఆయన బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు కూర్చుంటే ఫోను తియ్యడు. డిపోకి ఫోను చేసి, ఇంటికి రమ్మని కబురు చెప్పమంది. అంతకు మించి ఆమె చెయ్యగలిగింది లేదు. పైన వెనక గదిలో అత్తగారు తుంటి విరిగి మంచం మీద ఉంది. ఆమెను కిందికి దింపాలంటే తెరిచి ఉన్న దారి ముందువైపు చెక్కమెట్లు ఒక్కటే. ఆ మెట్ల పక్క గోడే కాలుతోంది.

చిన్నకోడలు ఇక ఆలోచించలేదు. మెట్లు దిగి, వీధిలోంచి తిరిగి వచ్చి, బావగారి తలుపు కొట్టింది.

తలుపు తీసింది పెద్దకోడలు. చేతులకూ జుట్టుకూ దూది నలుసులు అంటుకుని ఉన్నాయి. పరుపులు కుట్టే ఇల్లు కదా, ఆ ఇంట్లో మనుషులకు తెల్లజుట్టు ఎప్పుడు వచ్చిందో పైకి తెలియదు. ఆమె తోటికోడలిని చూసి, వెనకున్న కరెంటాయన్ని చూసి, మళ్ళీ తోటికోడలిని చూసింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే దువ్వెనతో తలలు దువ్వుకున్నవాళ్ళు. ఇప్పుడు ఎలా పిలవాలో ఇద్దరికీ తోచలేదు.

"ఎవరైనా పోయారా?" అంది పెద్దకోడలు.

"ఇంకా లేదక్కా. అందుకే వచ్చాను."

"అత్తయ్య?"

"బాగానే ఉంది. పొద్దున్నే గంజిలో ఉప్పెక్కువైందని తిట్టింది."

పెద్దకోడలి మొహం కొంచెం సడలింది. "తిట్టిందంటే బాగున్నట్టే" అని, పక్కకి తప్పుకుంది. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. చిన్నకోడలు ఆ సందులోంచే లోపలికి వెళ్ళింది.

బోర్డు నడవా గోడకు ఉంది. మామగారు ఉన్న రోజుల్లో బిగించిన చెక్కపలక అది. దాని మీద పింగాణీ ఫ్యూజులు వరసగా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియడానికి ఎవరో సున్నంతో గీతలు పెట్టారు. కరెంటాయన ముందు మెయిను దించాడు. కింద మూలగదిలో తిరుగుతున్న దూది ఏకే మిషను మూలిగి ఆగిపోయింది. "ఎవడ్రా అది?" అని లోపలి నుంచి బావగారి గొంతు వినిపించింది. పెద్దకోడలు లోపలికి తిరిగి, "నేనేలెండి, కరెంటు చూపిస్తున్నా" అంది. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, ఇలాంటివి ఆమెకు రోజూ అలవాటేనని చిన్నకోడలికి అర్థమైంది.

కరెంటాయన పైవాటా ఫ్యూజు లాగి వెలుతురులోకి తిప్పి చూశాడు. అతను మాటకారి. మామూలుగా అయితే ఈపాటికి తను చేసిన పెద్దపెద్ద భవంతుల పేర్లన్నీ ఏకరువు పెట్టేవాడు. ఇప్పుడు మాత్రం నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఏమిటి బాబూ?" అంది చిన్నకోడలు.

"ఫ్యూజులో వెంట్రుకంత తీగ ఉండాలమ్మా. ఇదేమిటి, బట్టలారేసుకునే తీగలా ఉంది!"

ఆమె దగ్గరకు వచ్చి చూసింది. రాగి పోగులు కొన్ని కలిపి, జడ అల్లినట్టు గట్టిగా మెలిపెట్టి, రెండు మరల మధ్య బిగించారు. పనితనం మాత్రం బాగుంది. ఎక్కడా పోగు లేచి లేదు.

"దీన్నిబట్టి ఏం తెలుస్తోందంటే" అని కరెంటాయన గొంతు సవరించుకున్నాడు, "పైన మీరు ఎన్ని వేసినా ఇది పోదు. హీటరు వెయ్యండి, ఇస్త్రీ పెట్టె వెయ్యండి, అన్నీ కలిపి వెయ్యండి. ఫ్యూజు మాత్రం గుండ్రాయిలా కూర్చుంటుంది. కాలేది గోడలోని వైరు. ఫ్యూజు పోవాలమ్మా. పోవడమే దాని ఉద్యోగం. ఎవరు పెట్టారిది?"

చిన్నకోడలు ఆ మెలికను చూస్తూనే ఉంది. జడపాయను ఎడమ నుంచి కుడికి కాకుండా కుడి నుంచి ఎడమకు తిప్పే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆ చేతులు తన జడ ఎన్నిసార్లు వేశాయో.

"అక్కా."

"ఏం?"

"నువ్వేనా?"

"ఆఁ, నేనే. అయితే ఏంటి?" పెద్దకోడలు కొంగు నడుముకు దోపుకుంది, పోట్లాటకు నిలబడేదానిలా. "నన్ను నిలదీయడానికి వచ్చావా? పైన మీరు వేడినీళ్ళు పెట్టుకునే వేళకే ఈయన మిషను వేస్తాడు. ఫ్యూజు పోతుంది. పైనుంచి మీ ఆయన మెట్ల మీదికొచ్చి అరుస్తాడు, 'కావాలనే తీశావు' అని. కింది నుంచి ఈయన అరుస్తాడు, 'నీ అబ్బ సొమ్మా కరెంటు' అని. ఇద్దరి అబ్బా ఒక్కడే అన్న సంగతి ఇద్దరికీ గుర్తుండదు. చివరిసారి ఫ్యూజు పోయిన రోజు ఏం జరిగిందో నీకు తెలియదా? మెట్ల మధ్యలో కాలర్లు పట్టుకున్నారు. విడదియ్యడానికి ఆ ముసల్ది చీకట్లో కాలు జారి..."

ఆ పడినప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ చప్పుడు ఇద్దరి చెవుల్లోనూ ఇంకా ఉంది. అది చెక్క చేసిన చప్పుడు కాదు.

"ఆ తర్వాత ఒక్కసారైనా ఫ్యూజు పోయిందా? వాళ్ళిద్దరూ ఒక్కసారైనా ఎదురుపడ్డారా? పడలేదు. దీపం పోకుండా చూసుకున్నాను. ఎందుకు పోవడం లేదని నువ్వెప్పుడైనా అడిగావా?"

చిన్నకోడలు అడగలేదు. గోడ కాలేదాకా అడగాలని ఆమెకు తోచనైనా తోచలేదు. ఈ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రశాంతత ఉంది, అదే పదివేలని రోజూ నిద్రపోయింది. ఆ ప్రశాంతత ఎక్కడ కాలుతూ ఉందో ఇప్పుడు తెలిసింది.

"అడగలేదక్కా."

ఆ జవాబు వచ్చేసరికి పెద్దకోడలి చేతిలో పోట్లాడడానికి ఏమీ మిగల్లేదు. దోపుకున్న కొంగు లాగి మొహం తుడుచుకుంది.

కరెంటాయన ఇవేవీ వినపడనట్టు బోర్డు వైపు తిరిగి సన్నతీగ బిగించాడు. ఇలాంటి ఇళ్ళు అతనికి కొత్త కాదు. పైన అన్ని స్విచ్చులూ తీసేసి ఉన్నాయా అని మరోసారి అడిగి, మెయిను ఎత్తాడు. టప్పుమని చిన్న మెరుపు. పైవాటా ఫ్యూజు పోయింది.

"చూశారా! పైన ఏదీ వెయ్యకుండానే పోయింది. గోడలో వైర్లు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. పాతకాలం గుడ్డ తొడుగు కదా, కాలి రాలిపోయి ఉంటుంది." మళ్ళీ మెయిను దించేశాడు. "ఇంతకీ వైరు ఎటు నుంచి పైకి పోతోంది?"

పెద్దకోడలు వేలెత్తి చూపించింది. చెక్కమెట్ల కింద చిన్న కొట్టుగది ఉంది. దాని తలుపు తీశాడతను. తీయగానే తెల్లగా, మెత్తగా, పైకప్పుదాకా దూది. గోనెపట్టాల్లో కుట్టిన మూటలు ఒకదాని మీద ఒకటి, మెట్ల చెక్కల్ని కింది నుంచి ఒత్తుకుంటూ ఉన్నాయి. వైరు పోయే గోడ ఆ మూటల వెనక ఉంది.

చిన్నకోడలు రోజూ ఎక్కి దిగే మెట్లు. కూరగాయల సంచీతో, నీళ్ళ బిందెతో, అత్తగారి మందులతో. అడుగు వేసినప్పుడు కిర్రుమంటే చెక్క పాతదని అనుకునేది. ఇంత దూది మీద నడుస్తున్నానని ఆమెకు తెలియదు.

గోడ పక్కనున్న మూటను కరెంటాయన పట్టి ఇవతలికి లాగాడు. గోడకు ఆనిన వైపు గోనెపట్టా మాడిన రొట్టె రంగులో ఉంది. వేలుతో పొడిస్తే పట్టా పొడిపొడిగా రాలింది. లోపలి దూది పసుపు పచ్చగా మారి, ఒక రకమైన చేదు వాసన వేసింది.

"అమ్మో" అన్నాడు, ఈసారి గొప్ప ఏమీ లేకుండా. "ఈ మూటలన్నీ ఇప్పుడే బయటికి తియ్యాలి. విప్పి చూడాలి. దూది పైకి కనపడకుండా లోపల్లోపలే రాజుకుంటుంది. పొగ బయటికొచ్చేసరికి మెట్లు ఉండవు." తలెత్తి మెట్ల వైపు చూసి, "పైనున్న పెద్దావిడకి వేరే దారి ఉందా?" అన్నాడు.

"వెనక రాతిమెట్లున్నాయి" అంది చిన్నకోడలు. "పైన తలుపుకి మా ఆయన మేకులు కొట్టి, బీరువా అడ్డం పెట్టాడు. కానీ అది తలుపే కదా. పగలగొట్టొచ్చు."

ఈ మాట ఆమె తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నది. ఆ ధైర్యంతోనే అత్తగారిని ఆ వెనక గదిలో ఉంచింది. అత్తగారి మంచం కింద గునపం కూడా పెట్టుకుంది. ఏదైనా అయితే బీరువా లాగి, మేకులు పెరికి, తలుపు తీసి, వీపు మీద వేసుకుని దిగిపోవచ్చు. పక్క మీద వాలినప్పుడల్లా మనసులో ఆ పని చేసి చూసుకునేది. ఒక్కోసారి బీరువా కదిలేది కాదు, ఒక్కోసారి అత్తగారు బరువయ్యేది. కానీ తలుపు మాత్రం ఎప్పుడూ తెరుచుకునేది.

"పెరటి తాళం ఇవ్వక్కా. కింది వైపు నుంచి ఆ తలుపు ఎలా ఉందో చూస్తాను."

పెద్దకోడలు కదల్లేదు.

"అక్కా, తాళం."

"వద్దులే. మూటలు తీద్దాం పద ముందు."

"అదీ తీద్దాం. ముందు తాళం ఇవ్వు."

"ఏముందక్కడ చూడ్డానికి, బూజు తప్ప!"

ఆ గొంతు విని చిన్నకోడలు ఇంక అడగలేదు. ఆ తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటు ఆమెకు తెలుసు. వంటింటి తలుపు వెనక మేకు. ఇల్లు రెండైనా అది అక్కడే ఉంది. తీసుకుని పెరట్లోకి నడిచింది. పెద్దకోడలు "ఆగవే, ఆగు" అంటూ వెనకే వచ్చింది.

రాతిమెట్లు చల్లగా ఉన్నాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె ఇక్కడే కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేది. ఇప్పుడు మలుపు దాకా నాచు పట్టింది. గోడ పట్టుకుని ఎక్కింది. మలుపు తిరిగి పైకి చూసింది.

తలుపు లేదు.

తలుపు ఉండాల్సిన చోట ఇటుకలు ఉన్నాయి. పూత కూడా లేని ఇటుకలు, మధ్యలో సిమెంటు పొంగి అలాగే గట్టిపడిపోయింది. గడప నుంచి ద్వారబంధం పైకమ్మీ దాకా ఎక్కడా వేలు పట్టే సందు లేదు. చిన్నకోడలు చివరి మెట్టు ఎక్కి, రెండు అరచేతులూ గోడకి ఆనించింది. తోసింది కూడా. ఎందుకు తోసిందో ఆమెకే తెలియదు.

అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, అత్తగారు దగ్గింది. ఆ దగ్గు ఇటుకల్లోంచి చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

తలుపు అనుకుని ఇన్నాళ్ళూ ఆమె పడుకున్నది ఈ గోడ పక్కన. బీరువా లాగి, మేకులన్నీ పెరికి, పొగలో తలుపు తీసి ఉంటే తన చేతికి తగిలేది ఇది. ఆమె మెట్టు మీద కూలబడింది.

"నువ్వు పుట్టింటికెళ్ళిన వారంలో ఈయన కట్టాడు" అంది పెద్దకోడలు కిందనే నిలబడి. "నాకూ అప్పుడే తెలిసింది. ఎందుకని అడిగితే నోరు విప్పలేదు. మనిషి ఇటుకలు పెడుతూ ఏడ్చాడు చెల్లీ. అంత మనిషి."

చెల్లీ అన్న పిలుపు చాలాకాలం తర్వాత వచ్చింది. చిన్నకోడలు దాన్ని అందుకునే స్థితిలో లేదు.

"ఎవరు నిన్ను ఇటు రానిచ్చారు?"

పెరట్లో బావగారు. దూది మిషను ఆగిపోయిందని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. మూతికి కట్టుకున్న గుడ్డ మెడలోకి జారింది. కనుబొమ్మల మీద కూడా దూది. మరదలి మొహం చూసి అతను అరవబోయింది ఆపాడు.

చిన్నకోడలు లేచి నిలబడింది. "ఇదేంటి బావగారూ?"

"గోడ."

"అది నాకూ కనిపిస్తోంది. ఎందుకు కట్టారు? పైన మీ అమ్మ పడుకుని ఉంది. మెట్ల కింద మీ దూది మాడుతోంది, వెళ్ళి చూడండి. ఆ మెట్లు అంటుకుంటే ఆవిణ్ణి నేను ఎటు నుంచి తీసుకురావాలి? కిటికీకి ఊచలు. ముందు మెట్లు. వెనక ఇది. ఎటు నుంచి తేవాలో మీరే చెప్పండి."

"దూది మాడుతోందా?" అన్నాడతను. అప్పుడే మొహంలో రంగు మారింది. "నిన్ననే సర్దాను..."

"ఇంక సర్దొద్దు, బయట పడెయ్యండి!" అంది పెద్దకోడలు. అతను ఏమనేలోపే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కొట్టుగది వైపు వెళ్ళిపోయింది. కాసేపట్లో నడవాలోంచి మూట ఈడ్చుకొస్తున్న చప్పుడు, "ఓ కరెంటు బాబూ, చేతులు కట్టుకుని నిలబడ్డానికేనా వచ్చావు, ఇటు చివర పట్టు" అన్న కేక వినిపించాయి.

బావగారు ఒక అడుగు అటు వేసి, ఆగి, మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చాడు.

"మూటలు తీసేస్తాను. ఆ గది ఖాళీ చేస్తాను. ఇకమీదట దూది పెరట్లో రేకుల కింద పెట్టుకుంటాను, తడిస్తే తడిసింది. సరేనా?"

"గోడ?"

అతను కనుబొమ్మల మీది దూది దులుపుకున్నాడు.

"బావగారూ, ఈ ఇంట్లో పనికొచ్చే దారి ఇదొక్కటే. పగలగొట్టండి. మీ తమ్ముడు ఏమంటాడో నేను చూసుకుంటాను. నన్ను ఇంట్లోంచి పొమ్మన్నా పోతాను. కానీ దారి ఉన్న ఇంట్లోంచి పోతాను."

"నా చేతుల్లో లేదమ్మాయ్."

"కట్టింది ఎవరి చేతులు?"

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "మాటిచ్చాను. ఆవిడ తియ్యమంటే ఇప్పుడే తీస్తాను. ఆవిడ చెప్పకపోతే నా వల్ల కాదు."

"ఎవరు ఆవిడ?"

అతను తలెత్తి ఇటుకల వైపు చూశాడు. గోడకు అటువైపు మళ్ళీ దగ్గు వినిపించింది. కొడుకు ఆ దగ్గు అయిపోయేదాకా కదలకుండా విన్నాడు. ఒకే కప్పు కింద ఉండి తల్లి మొహం చూసి ఎంతకాలమైందో అతనికి. దగ్గును బట్టి ఆరోగ్యం లెక్కవేసుకుంటున్నాడని చిన్నకోడలికి అప్పుడు తెలిసింది.

ఆమె దిగి, పెరడు దాటి, వీధిలోకి వచ్చింది. మూటలు అప్పుడే గుమ్మం ముందు పడి ఉన్నాయి. చెక్కమెట్ల ముందు ఒక్క క్షణం ఆగింది. కింద ఏముందో తెలిశాక మొదటి మెట్టు మీద కాలు వెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. అయినా పైనున్నది ఆవిడ. గోడ ముట్టుకోకుండా, చీర దగ్గరికి పట్టుకుని గబగబా ఎక్కింది.

అత్తగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఫ్యాను ఎందుకాగింది?" అంది తిరక్కుండానే. "కింద ఆ గోలేంటి? మీ అక్క గొంతు వినపడింది. వాడి గొంతు కూడా. వాడు చిక్కాడే, గొంతులోనే తెలుస్తోంది."

"అత్తయ్యా, ఆ బీరువా వెనక తలుపుకి అవతల గోడ ఉంది."

ముసలావిడ మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళు మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి. "చూశావా?"

"మీకు తెలుసా!"

"నేనే కట్టించాను."

చిన్నకోడలు మంచం కోడు పట్టుకుంది.

"నువ్వు మీ నాన్నకి బాగాలేదని వెళ్ళావు చూడు, ఆ వారం. నా తుంటి విరిగిందన్న ఉక్రోషం నీ మొగుడికి తగ్గలేదు. కింద వాడు వీధి తలుపు గడియ పెట్టుకున్నాడు. అందుకని వీడు బీరువా లాగి, గునపం పట్టుకుని ఆ తలుపు మీద పడ్డాడు. వాణ్ణి చంపేస్తానన్నాడు. అనడమే కాదు, కళ్ళు చూశాను. నేను మంచం మీంచి కింద పడి, పాక్కుంటూ పోయి వీడి కాళ్ళు పట్టుకున్నాను. నా కొడుకు కాళ్ళు! అప్పుడాగాడు, బీరువా మళ్ళీ అడ్డం నెట్టాడు. మర్నాడు వీడు డ్యూటీకెళ్ళగానే, పెద్దాడు తలుపుకి అటువైపు వచ్చి కూచున్నాడు, అమ్మా ఎలా ఉన్నావంటూ. చెప్పాను, గోడ కట్టరా, నేను తియ్యమనేదాకా తియ్యకు అని. వాడు కడుతూ మాట్లాడాడు, నేను వింటూ పడుకున్నాను. వరస మీద వరస లేస్తుంటే గొంతు సన్నబడిపోయింది. చివరికి ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడలేదు. మళ్ళీ చెప్పరా అన్నాను. అది వాడికి వినపడలేదు."

కింద మూట ధబ్బుమని పడింది.

"ఇద్దరూ బతికి ఉన్నారు. నాకది చాలు. ఇల్లు అంటుకుంటే అంటుకోనీ. నాకు దారి ఎందుకే, నడిచేదాన్నా, పరిగెత్తేదాన్నా?"

"మీరొక్కరేనా అత్తయ్యా ఇక్కడ ఉన్నది?"

"ఏంటి?"

"నేనూ ఇక్కడే ఉన్నాను."

చిన్నకోడలు వంగి మంచం కిందున్న గునపం ఇవతలికి లాగింది.

"మెట్లు అంటుకుంటే మిమ్మల్ని వదిలి నేను దూకుతాననుకున్నారా? ఆ తలుపు తీద్దామని ఈ గునపం ఇక్కడ పెట్టుకున్నాను. తీసి చూస్తే ఇటుకలు ఉండేవి. మీతోపాటు ఇక్కడే అయిపోయేదాన్ని. మీ కొడుకులిద్దరూ క్షేమంగా కింద నిలబడి చూసేవాళ్ళు. అక్క ఫ్యూజులో తీగ మెలేసింది. మీరు గోడ కట్టించారు. అన్నీ వాళ్ళిద్దరి కోసమే. ఒక్కరైనా నన్ను లెక్కలోకి తీసుకున్నారా?"

గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. అత్తగారు ఆమెను చాలాసేపు చూసింది, కొత్త మనిషి గదిలోకి వచ్చినట్టు. తిట్టడానికి మాట వెతుక్కుంటోందేమోనని చిన్నకోడలు చూసింది. ముసలావిడ చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చి, కోడలి మణికట్టు వెతికి పట్టుకుంది.

"నాకు తట్టలేదే పిల్లా" అంది. "నిజంగానే తట్టలేదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఊఁ, వెళ్ళు. పెద్దాడికి చెప్పు. తియ్యమన్నానని చెప్పు. కాదు, నువ్వు చెప్తే వాడు నమ్మడు. వాణ్ణే రమ్మను. పైకి. నా నోటితో చెప్తాను."

చిన్నకోడలు ముందుగదిలోకి పరుగెత్తి, మెట్ల పైన నిలబడి కిందికి వంగింది. కరెంటు లేదు కాబట్టి మెట్ల మధ్యంతా చీకటి. "బావగారూ! అత్తయ్య మిమ్మల్ని పైకి రమ్మంటోంది!"

కింద మూటల చప్పుడు ఆగిపోయింది. తర్వాత చెక్కమెట్టు ఒకటి కిర్రుమంది. ఆ మనిషి ఆ మెట్టు మీద కాలు వేసి ఎన్నాళ్ళైందో, వేసి ఆగాడు. మళ్ళీ ఇంకొకటి.

అంతలో వీధిలోంచి బూట్ల చప్పుడు వచ్చింది. ఆ నడక ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. డిపోకి పెట్టిన కబురు అందినట్టుంది. "ఈ దూదేంటి గుమ్మంలో? ఎవరది, మెట్ల మీద ఎవరు?" అన్న భర్త గొంతు వినిపించింది. ఆ వెంటనే "మరిదీ, ఆగు, నా మాట విను, మరిదీ!" అని పెద్దకోడలి కేక. ఆ తర్వాత మెట్ల మీద రెండు జతల అడుగులు. తొందరగా, ఒకదాని మీద ఒకటి, చెక్క అంతా అదిరేలా.

ఇద్దరూ ఆ మెట్ల మీదే. ఆ చీకట్లోనే.

"గడియ పెట్టు!" వెనకగదిలోంచి అత్తగారి అరుపు. ఆ అడుగులు ఆమె కూడా గుర్తుపట్టింది. "తలుపుకి గడియ పెట్టవే! వాళ్ళని పైకి రానివ్వకు, ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారు! పెట్టవే!"

చిన్నకోడలి చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. ఇనుము చల్లగా తగిలింది. ఒక్క తోపు తోస్తే చాలు, ఇంకొక దారి మూసుకుపోతుంది. అదే ఆఖరిది. ఆ తర్వాత ఈ పైవాటాలో తనూ, అత్తగారూ, నాలుగు గోడలూ.

ఆమె గడియ వెయ్యలేదు. రెండు రెక్కలూ బార్లా తెరిచి, గడప మీద నిలబడింది.

మలుపులోంచి ముందు ఒక చెయ్యి పైకి వచ్చి మెట్ల కమ్మీ పట్టుకుంది. వేళ్ళనిండా దూది. బావగారి చెయ్యి. దాని మణికట్టు మీద ఖాకీ చొక్కా తొడుక్కున్న ఇంకొక చెయ్యి గట్టిగా బిగుసుకుని ఉంది. ఆ పట్టు అన్నను కిందికి లాగుతోందో, పైకి ఎక్కిస్తోందో, ఆ చీకట్లో ఆమెకు తెలియలేదు.